ఊరంతటికీ తెలుసు, పిల్లకు తప్ప



కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు మీదుగా విరుదునగర్ వెళ్లే బస్సులో, ముహూర్తాల రోజుల్లో ఎప్పుడైనా కిటికీ పక్కన కూర్చుని చూడండి. కల్యాణ మండపాల ముందు నిలువెత్తు ఫ్లెక్సీలు కనిపిస్తాయి. వాటిలో పట్టుచీర, వడ్డాణం, పూలజడ వేసుకుని పన్నెండు పదమూడేళ్ల పిల్ల నిలబడి ఉంటుంది. చుట్టూ మేనమామలు, చిన్నాన్నలు, వాళ్లు అభిమానించే పార్టీ నాయకులు. కింద 'మంజళ్ నీరాట్టు విళా' అని పేరు, తేదీ, వేళ. మనం సమర్త అంటాం, పెద్దమనిషి అయింది అంటాం, ఆ వేడుకే. మేనమామ సారె మేళంతో వస్తుంది. ఇప్పుడు ఆహ్వానం వాట్సాప్ స్టేటస్‌లోనూ తిరుగుతోంది.

ఒక చిన్న పిల్లకు నెలసరి మొదలైందన్న కబురు ఎన్ని ఫోన్లకు చేరిందో లెక్కలేదు. ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, "ఇది ఎందుకు వస్తుందో తెలుసా అమ్మా" అని అడిగినవాళ్లు ఎంతమంది? ఆరోజు ఆమెకు అందే సమాచారమంతా చేయకూడని పనుల పట్టికే. అక్కడ కూర్చోకు, ఇది ముట్టుకోకు, మగపిల్లలతో ఆడకు. ఎందుకో మాత్రం ఎవరూ చెప్పరు.

కోవిల్‌పట్టి మనకు పరాయి ఊరేం కాదు. తూత్తుక్కుడి జిల్లాలోది. అగ్గిపెట్టెలు, స్పిన్నింగ్ మిల్లులు ఆ ఊరి బతుకు. కడలై మిఠాయికి, అంటే మన పల్లీ చిక్కీకి, 2020లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఊరు. చుట్టూ నల్లరేగడి, దాన్ని వాళ్లు కరిసల్ భూమి అంటారు. ఆ రేగడి పల్లెల్లో కమ్మవారు, రెడ్లు, రాజకంబళం నాయకులు, అరుంధతీయులు ఎన్నో తరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటున్నారు. పాంచాలంకురిచ్చి పాలెగాడు వీరపాండ్య కట్టబొమ్మన తెలుగింటి బిడ్డే. 1799లో ఇంగ్లీషువాళ్లు ఆయన్ని ఉరితీసిన కయత్తారు, కోవిల్‌పట్టికి దక్షిణాన అదే పెద్దరోడ్డు మీద ఉంది. ఆ వైపు ఇద్దరు కొత్తవాళ్లు కలిసి, మాట యాస పట్టుకుని, "మనవాడా?" అని అడగడం ఇప్పటికీ ఉంది.

అయితే వీళ్ల తెలుగుకు అక్షరాలు లేవు. బడి తమిళంలో, పత్రిక తమిళంలో, ఫోన్‌లో టైపు చేసేది తమిళంలోనో ఇంగ్లీషు అక్షరాల్లోనో. తెలుగు నోటిలో ఉంది, చెవిలో ఉంది, అంతే. చెప్పబోయే సంగతి తేలిగ్గా అర్థం కావడానికి ఈ మాట గుర్తుంచుకోండి. ఒక కుర్రాడికి తన ఒంటి గురించి సందేహం వస్తే, బడిపుస్తకం దానికి గంభీరమైన తమిళ పదం ఇస్తుంది. గూగుల్ ఇంగ్లీషు పదం ఇస్తుంది. ఇంటి తెలుగులో మాత్రం ఆ భాగాలకు రెండు రకాల పేర్లే ఉన్నాయి: చంటిబిడ్డకు స్నానం చేయిస్తూ అనే ముద్దుపేర్లు, కోపంలో నోరుజారే బూతులు. పదిహేనేళ్లవాడు డాక్టరు ముందు కూర్చుని చెప్పుకోవడానికి పనికొచ్చే మాట ఆ రెంటి మధ్యా ఏదీ లేదు. ఆ మాటకొస్తే గుంటూరులోనూ లేదు, వరంగల్‌లోనూ లేదు. సరిహద్దు దాటిన తెలుగులో ఆ ఖాళీ ఇంకాస్త పెద్దదిగా కనిపిస్తుందంతే.

మన పల్లెలు ఎప్పుడూ ఇలా నోరుమూసుకునే ఉన్నాయా? లేదనడానికి ఆ వైపే పెద్ద సాక్షి ఉన్నాడు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్ గ్రామంలో పుట్టిన కి. రాజనారాయణన్. తమిళులు కి.రా. అంటారు. ఇంట్లో తెలుగు, రాసింది తమిళం. తెలుగువాళ్లు దక్షిణానికి వలసవచ్చి రేగడి నేల మీద ఊరు కట్టుకున్న కథే ఆయన 'గోపల్ల గ్రామం'. దానికి కొనసాగింపుగా రాసిన 'గోపల్లపురత్తు మక్కళ్' నవలకు 1991లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. హైస్కూలు చదువు పూర్తిచేయని ఈ రైతును పుదుచ్చేరి విశ్వవిద్యాలయం పిలిచి జానపద కథల పని అప్పగించింది. కథలు సేకరిస్తూ ఆయన ఒక రకం కథలను వదిలిపెట్టలేదు. పొలం గట్ల మీద, కళ్లాల్లో, పెద్దలు పగలబడి నవ్వుతూ చెప్పుకునే శృంగార కథలు. వాటితో పుస్తకం వేసి 'వయదు వందవర్గళుక్కు మట్టుం' అని పేరు పెట్టారు. పెద్దవాళ్లకు మాత్రమే అని అర్థం. ఆయన 2021లో పోయారు. కోవిల్‌పట్టిలో ప్రభుత్వం ఆయనకు స్మారక మందిరం కట్టించింది.

ఆ కథలు ఆరోగ్య పాఠాలని నేను అనను. చాలావాటిలో ఆడవాళ్ల మీద వెటకారం ఉంటుంది, మోటుదనం ఉంటుంది. కానీ ఒంటి గురించి మాట్లాడటం పాపమన్న భావం మాత్రం వాటిలో లేదు. కొత్తగా పెళ్లయినవాడికి, కాపురానికి వెళ్లబోయే పిల్లకు ఆ నవ్వుల్లోంచే ఏదో కొంత చేరేది. ఉమ్మడి ఇళ్లు చీలాయి, కళ్లాలు పోయాయి, పిల్లలు మిల్లులకూ హాస్టళ్లకూ వెళ్లారు. ఆ నవ్వు ఆగిపోయింది. దాని చోట మరేదీ రాలేదు.

మన వైపు కొన్నాళ్లు ఆ ఖాళీని వారపత్రిక పూరించింది. విజయవాడ డాక్టర్ సమరం గారి ప్రశ్నలు జవాబులు 'స్వాతి'లో ఎంతమంది దొంగచాటుగా చదవలేదు చెప్పండి. పేరు లేకుండా ఉత్తరం రాస్తే ఒక డాక్టరు తెలిసిన తెలుగులో జవాబు చెబుతాడు. నాస్తికోద్యమ నాయకుడు గోరా గారి కుమారుడు కాబట్టి ఆయనకు ఆ బెరుకు లేదేమో. అటు తమిళనాడులో మానసిక వైద్యుడు డాక్టర్ మాతృభూతం టీవీలో అదే పని చేశారు. ఇద్దరికీ కలిసొచ్చిన సూత్రం ఒక్కటే: అడిగేవాడి ముఖం కనబడదు.

బడిలో చెబుదామన్న ప్రయత్నం జరిగింది. ప్రభుత్వం కౌమార విద్యా కార్యక్రమాన్ని తెస్తే, 2007లో మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ వంటి రాష్ట్రాలు మాకొద్దన్నాయి. 2009లో రాజ్యసభ పిటిషన్ల కమిటీ బడిలో లైంగిక విద్యే వద్దని సిఫారసు చేసింది. ఆ కమిటీ అధ్యక్షుడు మన వెంకయ్య నాయుడు గారు. పిల్లలు చెడిపోతారన్న భయం తల్లిదండ్రులకు ఉండటం సహజమే, దాన్ని నేను ఎగతాళి చేయను. అయితే ప్రపంచవ్యాప్తంగా జరిగిన అధ్యయనాలను కూడగట్టి యునెస్కో 2018లో చెప్పింది దానికి తలకిందులు. సరిగా చెబితే పిల్లలు తొందరపడరు, చాలాచోట్ల ఆలస్యమే చేస్తారు. సరే, బడి తలుపు వేశాం. అదే సమయంలో జేబులో కిటికీ తెరుచుకుంది.

ఆ కిటికీలోంచి ఏం వస్తోందో మీకు నేను చెప్పాలా? బూతు వీడియోలు ఒక పక్క. నరాల బలహీనత, ధాతు నష్టం అని భయపెట్టే వైద్యులు ఇంకో పక్క. పూర్వం వీళ్లు బస్టాండు గోడల మీద పోస్టర్లు అంటించి, ఫలానా తేదీన ఫలానా లాడ్జీలో దొరుకుతామనేవారు. ఇప్పుడు రీల్స్‌లో దొరుకుతున్నారు. వీర్యం పోతే బలం పోతుందన్న ఈ బెంగకు మానసిక వైద్యుడు ఎన్.ఎన్. విగ్ 1960లో 'ధాతు సిండ్రోమ్' అని పేరు పెట్టారు. జబ్బు ఒంట్లో లేదు, బెంగలో ఉంది. పద్దెనిమిదేళ్ల మిల్లు కార్మికుడు నిద్రలో తడిసిన లుంగీ చూసుకుని, అది మామూలేనని చెప్పేవాడు లేక, నెల జీతం లేహ్యాలకు పోస్తాడు.

ఫోన్‌తో మంచిపని జరగదని కాదు. 2008లో బీబీసీ వరల్డ్ సర్వీస్ ట్రస్టు ఒక రింగ్‌టోన్ చేయించింది. తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్రల కోసం. ఫోన్ మోగితే గొంతులు కలిపి "కండోమ్, కండోమ్" అని పాడతాయి. అందరూ నవ్వారు. అదే వాళ్లకు కావలసింది. నలుగురిలో ఆ మాట అనగలిగితే మందుల షాపులో అడగగలడు. కి.రా. కథల్లోని సూత్రమే ఇది, ముందు నవ్వించు, తర్వాత వింటాడు. నాకు ఆ రింగ్‌టోన్ ఇప్పటికీ ఇష్టం.

ఇక నవ్వు రాని సంగతి చెప్పాలి. విరుదునగర్ జిల్లాలోదే. 2018 డిసెంబరులో సాత్తూరు ప్రభుత్వాసుపత్రిలో ఒక గర్భిణికి ఎక్కించిన రక్తంలో హెచ్ఐవీ ఉందని బయటపడింది. దేశమంతా ఉలిక్కిపడింది. శివకాశిలో ఆ రక్తం ఇచ్చిన కుర్రాడికి పంతొమ్మిదేళ్లు. బంధువుల కోసం ఇచ్చాడు. అతను 2016లోనే ఒక శిబిరంలో రక్తం ఇచ్చి ఉన్నాడు. అప్పటి పరీక్షలోనే వైరస్ ఉన్నట్టు తేలినా, ఆ కబురు అతనికి చేరలేదు. రెండేళ్ల తర్వాత విదేశంలో ఉద్యోగం కోసం చేయించుకున్న పరీక్షలో తెలిసింది. తెలిసిన వెంటనే ఆసుపత్రికి తనే చెప్పాడు, నా రక్తం వాడొద్దని. అప్పటికే ఆలస్యమైంది. విషయం తెలిసి అతను విషం తాగాడు. నెలాఖరున మదురై ఆసుపత్రిలో ప్రాణం పోయింది. ఆ తల్లికి పుట్టిన బిడ్డకు మాత్రం వైరస్ సోకలేదని తర్వాతి పరీక్షల్లో తేలింది. మందులు అంత బాగా పనిచేస్తున్న కాలం ఇది.

ఆ కుర్రాణ్ణి నేను దోషిగా చూడలేను. అతను చేసింది దేశంలో చాలామంది పెద్దలు చేయని పని, తన రహస్యాన్ని ఎవరి ప్రాణం కోసమో బయటపెట్టడం. కానీ ఆ వయసులో అతనికి ఇంకొన్ని మాటలు తెలిసి ఉండాలి. 2004 నుంచి మన ప్రభుత్వాసుపత్రుల్లో హెచ్ఐవీ మందులు ఉచితమని. రోజూ వేసుకుంటే అందరిలాగే బతకవచ్చని, పెళ్లి చేసుకోవచ్చని, పిల్లల్ని కనవచ్చని. పరీక్ష ఫలితం గుట్టుగా ఉంచాలని చట్టం ఉందని. ఆ చట్టం 2018 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది, ఈ ఘటనకు మూడు నెలల ముందు. తమిళనాడులో పరీక్షా కేంద్రానికి 'నంబిక్కై మైయం' అని పేరు, అంటే నమ్మకం కేంద్రం. పేరు బాగుంది. ఆ పేరు అతని ఫోన్‌లోకి ఎప్పుడైనా వచ్చిందా? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్క చెబుతున్నది విన్నాక నాకు అనుమానమే. హెచ్ఐవీ గురించి సమగ్రంగా తెలిసినవాళ్లు దేశంలో ఆడవాళ్లలో 21.6 శాతం, మగవాళ్లలో 30.7 శాతం. మద్రాసులో డాక్టర్ సునీతి సాలమన్ బృందం దేశంలో తొలి కేసులు కనిపెట్టింది 1986లో. ఇన్నేళ్ల తర్వాత కూడా ఇంతే.

ఫోన్ ఎలా గొంతుకు ఉరి అవుతుందో కూడా ఆ జిల్లానే చూసింది. 2022 మార్చిలో విరుదునగర్‌లో ఒక దళిత యువతిపై అత్యాచారం కేసు బయటికి వచ్చింది. ఫోన్‌లో తీసిన వీడియో చూపించి బెదిరించారన్నది కేసు. నిందితులు ఎనిమిది మందిలో నలుగురు పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు. ఆ నలుగురికీ అంగీకారం అన్న మాట ఎవరైనా నేర్పారా అని నేను అడుగుతూ ఉంటాను. "వద్దంటే వద్దనే" అని చెప్పడానికి రెండు నిమిషాల వీడియో చాలు. ఇంకో సంగతి తోడుగా చెప్పాలి. పద్దెనిమిది నిండనివాళ్ల నగ్నచిత్రాలు చూడటానికి దాచుకున్నా నేరమే. ఈ మాట సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరులో, మద్రాసు హైకోర్టు తీర్పును పక్కనబెట్టి, తేల్చి చెప్పింది. అదే తీర్పులో పిల్లలకు లైంగిక విద్య అవసరమనీ చెప్పింది. ఎవరైనా మీ ఫోటో పెడతామని బెదిరిస్తే డబ్బు పంపకండి, ఇంకో ఫోటో పంపకండి. సందేశాలు చెరపకుండా ఉంచి 1930కి ఫోన్ చేయండి. పద్దెనిమిది లోపు పిల్లలైతే 1098.

మరి ఫోన్‌ను మంచికి వాడాలంటే ఎలా? ఢిల్లీలో ఒక యాప్ తయారుచేస్తే సరిపోతుందా? 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమానికి తోడుగా 2017లో 'సాథియా సలాహ్' అనే యాప్ వచ్చింది. మంచి ఆలోచనే. కానీ ఆ హిందీ పేరు దగ్గరే కోవిల్‌పట్టి పిల్ల ఆగిపోతుంది. విషయంలోనూ ఢిల్లీ లెక్క ఇక్కడ కుదరదు. ఒక్క ఉదాహరణ చాలు. రక్షణ లేకుండా కలిసిన తర్వాత 72 గంటల్లోపు వేసుకునే అత్యవసర గర్భనిరోధక మాత్రను దేశంలో 2005 నుంచి డాక్టరు చీటీ లేకుండా అమ్మవచ్చు. తమిళనాడు మందుల షాపుల్లో అడిగి చూడండి, చాలాచోట్ల లేదంటారు. ఏ హిందీ వీడియోనో చూసి షాపుకు వెళ్లిన పిల్లకు గంటలు వృథా, పరువు వృథా. ఎక్కడ దొరుకుతుందో, ఏ ఆసుపత్రిలో ఏ నర్సును అడగాలో చెప్పలేని సమాచారం సగం సమాచారమే.

ఇంకో చిక్కు, ఫోన్ ఎవరిది? 2019-21 సర్వే ప్రకారం తమ చేతిలో సొంతంగా వాడుకునే మొబైల్ ఉన్న ఆడవాళ్లు దేశంలో దాదాపు 54 శాతమే. ఆడపిల్ల చేతిలో ఉన్నది అన్నదో నాన్నదో. అందులో వెతికిన మాటలు మిగిలిపోతాయి. ఫోన్ మోగితే ఇంట్లో ఎవరో ఎత్తుతారు. స్పీకర్ పెట్టి వినే అలవాటు ఒకటి. కాబట్టి సందేశం తెర మీద పేరు చూపకూడదు. పిల్ల తనకు వీలైన వేళ తనే మిస్డ్ కాల్ ఇచ్చి వినేలా ఉండాలి.

అంటే మళ్లీ గొంతు దగ్గరికే వస్తున్నాం. 2016లో కేంద్రం మొదలుపెట్టిన 'కిల్కారీ'ని చూడండి. గర్భిణికి నాలుగో నెల నుంచి బిడ్డకు ఏడాది నిండేదాకా వారానికొక ఫోన్, మొత్తం 72 రికార్డు మాటలు. చదువు అక్కరలేదు, పాత బటన్ ఫోన్ చాలు. కెన్యా, టాంజానియాల్లో కుటుంబ నియంత్రణ ప్రశ్నలకు ఎస్సెమ్మెస్ ద్వారా జవాబిచ్చే ఎం4ఆర్‌హెచ్ అనే సేవ నడిచింది. వాడినవాళ్లలో చాలామంది యువతే. కోవిల్‌పట్టి తెలుగింటికి అక్షరం కుదరదు, గొంతే కుదురుతుంది. అక్కడి తెలుగులోనే చెప్పాలి. మన దూరదర్శన్ తెలుగు వాళ్లకు నవ్వు తెప్పిస్తుంది, వాళ్ల తెలుగు మనకు తెప్పించినట్టే. అరవం కలిసిన ఆ తెలుగును సరిదిద్దాలని చూసేవాళ్లు దయచేసి ఈ పనికి రాకండి.

గొంతు వెనక మనిషి కూడా ఉండాలి. ఆ మనిషికి చట్టం తెలియాలి. పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిది లోపు పిల్లలతో లైంగిక సంబంధం, ఇష్టపడి జరిగినా, నేరం; తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పాలి. ఈ భయంతోనే పదిహేడేళ్ల పిల్ల ఆసుపత్రికి వెళ్లక నాటువైద్యం దగ్గరికి వెళ్తుంది. సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరులో కొంత దారి చూపింది. గర్భస్రావం కోరిన మైనరు, ఆమె సంరక్షకులు అడిగితే, డాక్టరు పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు బయటపెట్టనక్కరలేదు. ఈ సంగతి ఎంతమంది డాక్టర్లకు గుర్తుందో నాకు సందేహమే. ఫోన్‌లో మాట్లాడే అక్క, తాను ఏది దాచగలదో, ఏది దాచలేదో మొదటి నిమిషంలోనే పిల్లకు చెప్పేయాలి. మాట ఇచ్చి తప్పితే ఆ నంబరుకు మళ్లీ ఎవరూ చేయరు. ఇప్పటికిప్పుడు హెచ్ఐవీ, సుఖవ్యాధుల సందేహాలకు 1097 ఉంది, డబ్బు పడదు, పేరు అడగరు. తమిళనాడులో ఆరోగ్య సలహాకు 104.

మొదటి వాయిస్ మెసేజ్ నన్ను రాయమంటే ఎవరి గొంతుతో రాయాలో చాలాసేపు ఆలోచించాను. సినిమా నటి గొంతు వద్దు. ఫ్లెక్సీలో అందరికంటే వెనక, సగం ముఖమే కనబడే అవ్వ ఒకామె ఎప్పుడూ ఉంటుంది. ఆమె గొంతు కావాలి. ఇలా మొదలుపెడుతుంది.

"పాపా, ఒంటరిగా ఉన్నావా? లేకపోతే తర్వాత విను, నేనెక్కడికీ పోను. నీకు నెత్తురు వచ్చిందని భయపడ్డావు గదా. నేనూ భయపడ్డాను, మా అమ్మ చెప్పలేదు. అది గాయం కాదు, జబ్బు కాదు, మైల అసలే కాదు. కడుపులో బిడ్డ సంచి ఉంటుంది. నెలనెలా దాని లోపల మెత్తగా ఒక పొర పరుచుకుంటుంది. బిడ్డ రాకపోతే ఆ పొర కరిగి బయటికి వస్తుంది. అంతే. మొదటి ఏడాది రెండేళ్లు తేదీ అటూ ఇటూ అవుతుంది, కంగారు పడకు. గుడ్డ వాడితే సబ్బుతో ఉతికి ఎండలో ఆరెయ్యి, మంచం కింద దాచకు. ప్యాడ్ అయితే నాలుగైదు గంటలకు మార్చు. గంటకొకటి తడిసిపోతున్నా, నొప్పికి బడి మానాల్సి వస్తున్నా నర్సక్కకు చెప్పు, సిగ్గుపడకు, ఆమెకూ వస్తుంది. ఇంకొకటి. ఊళ్లో అందరూ నువ్వు పెద్దదానివి అయిపోయావంటారు. నమ్మకు. నువ్వింకా చిన్నపిల్లవే, ఆడుకో, చదువుకో. ఎవరైనా నీ ఒంటి మీద చెయ్యి వేస్తే, మామైనా సరే, సారైనా సరే, అది నీ తప్పు కాదు, అరిచి చెప్పు. ఇంకేమన్నా అడగాలా? ఇదే నంబరుకు మిస్డ్ కాల్ ఇయ్యి. రేపు మీ అన్న బయటికి పోయినాక చేస్తాను."